చుక్కల మందు కంటే ముందు

పిల్లి ఒక కన్ను సగం మూసి కూర్చుందంటే ఆ కన్ను నొప్పి పెడుతోందని అర్థం. నిద్రమత్తు కాదు, గారాబం అసలే కాదు. తింటోంది కదా, తిరుగుతోంది కదా, రేపు చూద్దాంలే అనుకుంటాం. నొప్పి దాచుకోవడం పిల్లికి పుట్టుకతో వచ్చిన విద్య. ఒళ్లంతా మామూలుగా ఉంచి ఒక్క రెప్ప దగ్గర మాత్రం దొరికిపోతుంది. అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది కాదు, ఎంత తొందరగా వెళ్లాలన్నది.

కన్ను గట్టిగా మూసేసి తెరవనివ్వకపోయినా, నల్లగుడ్డు మీద నీలిగానో తెల్లగానో పొర కమ్మినా, లోపల రక్తం కనిపించినా, రెండు కంటిపాపలు రెండు సైజుల్లో ఉన్నా, కొట్లాటలో గోరు గీసుకుందని అనుమానం వచ్చినా ఆ పూటే బయల్దేరాలి. కనుగుడ్డు బయటికి తోసుకొస్తే శుభ్రమైన గుడ్డ సెలైన్‌లో తడిపి పైన కప్పి, ఆరిపోకుండా చూసుకుంటూ వెంటనే పరుగెత్తాలి. సున్నమో, ఫినాయిలో, బాత్రూమ్ యాసిడో పడితే డాక్టరుకు ఫోన్ చేసేముందే కడగడం మొదలుపెట్టాలి. గోరువెచ్చని మంచినీళ్లు లేదా సెలైన్ పావుగంటకు తగ్గకుండా ధారగా పోయాలి. పిల్లి గీరుతుంది, తప్పదు. ఇవేవీ కాకుండా కాస్త నీరు మాత్రం కారుతూ, కన్ను పూర్తిగా తెరిచే ఉంటే ఒక రోజు ఆగి చూడొచ్చు. రెండో రోజు కూడా అలాగే ఉంటే అదీ డాక్టరు లెక్కలోకే వస్తుంది.

ఆ ఒక్క రోజులోనే చాలామంది పిల్లులకు కీడు చేసేస్తారు. ఎలాగో చెబుతాను.

వీధి చివర మెడికల్ షాపుకు వెళ్లి “కళ్లకలకకు చుక్కలు” అని అడిగితే ఏదో ఒక సీసా చేతికొస్తుంది. మన దగ్గర దొరికే చుక్కల మందుల్లో యాంటీబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కలిపినవి చాలానే ఉంటాయి. కొన్నింటికి పేరు చివర ‘డి’ అనో ‘డెక్స్’ అనో తోక ఉంటుంది. పేరు కాదు, అట్టపెట్టె మీద చిన్న అక్షరాలు చదవండి: డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటిప్రెడ్నాల్. వీటిలో ఏది కనిపించినా అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. అదేమీ చెడ్డ మందు కాదు. కంటిలోపలి వాపుకు డాక్టర్లే రాస్తారు. కానీ కార్నియా మీద, అంటే నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర మీద, పుండు ఉంటే అదే మందు కంటిని తినేస్తుంది. పిల్లి కార్నియా మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. స్టెరాయిడ్ పడితే పుండు మానడం ఆగిపోతుంది, సూక్ష్మజీవులకు ఎదురుండదు, పొర కరగడం మొదలవుతుంది. దానికి తోడు మొదటి రెండు రోజులు ఎరుపు తగ్గి కన్ను తేటపడినట్టు కనిపిస్తుంది. మందు పనిచేస్తోందని మనం సంబరపడేది సరిగ్గా అప్పుడే. మూడోనాడో నాలుగోనాడో కంట్లో పువ్వు వేసినట్టు తెల్లగా తేలుతుంది.

ఇంటి వైద్యాల సంగతీ ఇంచుమించు ఇంతే. నందివర్ధనం పూల రసం, తల్లిపాలు, ఆముదం, తేనె, టీ డికాషన్ అంటూ మనుషుల కళ్లకు పెద్దవాళ్లు వాడినవన్నీ పిల్లి దాకా వస్తాయి. పూలు చల్లగానే ఉండొచ్చు, కానీ పుండు పడిన కంట్లో శుభ్రం చేయని రసం పోయడం పుండుకు మట్టి రాయడమే. నొప్పికని పారాసిటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయకండి. మనం వేసుకునే 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు. ఇంట్లో నిర్భయంగా చేయగలిగింది ఒకటే: కాచి చల్లార్చిన నీళ్లలోనో సెలైన్‌లోనో దూది తడిపి, ముక్కు పక్కనుంచి బయటి మూలకు మెల్లగా పుసి తుడవడం. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వద్దు.

*

ఇక డాక్టరు. 1987 నుంచి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉన్న హైదరాబాదులో మనిషి కంట్లో ఏ పొరకు ఆ పొర నిపుణులు దొరుకుతారు. పిల్లి కంటికి మాత్రం అలా బోర్డు పెట్టుకున్నవాళ్లు ఊరికొకరు ఉండరు. ఉన్నా నగరాల్లోనే. అందుకని చాలామంది “కంటి స్పెషలిస్టు లేడట” అని ఆగిపోతారు. ఆగక్కర్లేదు. మన పశువైద్య విద్యలో కంటి వైద్యం శస్త్రచికిత్స విభాగంలోకి వస్తుంది. పేరు పక్కన బి.వి.ఎస్సీ తర్వాత ఎం.వి.ఎస్సీ ఉండి, అది సర్జరీ అండ్ రేడియాలజీలో చేసిందైతే ఆ డాక్టరు కళ్లు చూసే చదువే చదివినట్టు. బోర్డు మీద అది రాసి ఉండకపోవచ్చు. “మీ పీజీ ఏ సబ్జెక్టులోనండీ?” అని అడగడంలో తప్పేం లేదు. రాష్ట్ర పశువైద్య మండలిలో రిజిస్టరైన డాక్టరేనా అన్నదీ చూసుకోండి. పెంపుడు జంతువుల తిండి అమ్మే దుకాణంలో టీకాలు వేసే కుర్రవాడు ఎంత మంచివాడైనా డాక్టరు కాడు.

రెండు రాష్ట్రాల్లోనూ పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి. తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, వరంగల్ దగ్గర మామునూరు. తిరుపతి కళాశాల 1955 నాటిది. ఇక్కడ ప్రొఫెసర్లు, పీజీ విద్యార్థులు కలిసి చూస్తారు కాబట్టి ప్రైవేటు క్లినిక్ కంటే ఆలస్యం అవుతుంది, ఖర్చు తక్కువవుతుంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోవాలి. చిత్తూరు, నెల్లూరు వైపు వాళ్లకు చెన్నై దగ్గర. అక్కడి వేపేరిలోని మద్రాస్ పశువైద్య కళాశాల 1903 నుంచి ఉంది, జంతువుల కంటి వైద్యానికి దానికి మంచి పేరుంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పాడిపశువుల కోసం. పిల్లి కంటికి అక్కడ పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

మండలంలోని ప్రభుత్వ పశువైద్యశాలను చులకన చేయకండి. అక్కడి డాక్టరు రోజంతా గేదెలు, గొర్రెలు చూస్తూ ఉండొచ్చు, పిల్లిని పట్టుకోవడానికి సహాయకుడు వెనకాడొచ్చు. అయినా ఆయనకు కార్నియా అంటే తెలుసు, పుండంటే తెలుసు. దూరప్రయాణం మర్నాటికి గానీ కుదరనప్పుడు “డాక్టరు గారూ, రేపు రాజేంద్రనగర్ తీసుకెళ్తున్నాం. ఈ రాత్రికి స్టెరాయిడ్ లేని యాంటీబయాటిక్ చుక్కలు, నొప్పికి పిల్లికి పనికొచ్చే మందు రాసివ్వండి” అని అడిగితే ఆ రాత్రి గడిచిపోతుంది.

ఏ క్లినిక్‌కు వెళ్లాలో తేల్చుకోవడానికి గోడ మీద సర్టిఫికెట్ల కంటే, ఇంటర్నెట్‌లో చుక్కల రేటింగుల కంటే పనికొచ్చే ప్రశ్న ఒకటుంది. ఫోన్ చేసి అడగండి: “పిల్లి కంటికి ఫ్లోరోసిన్ స్టెయిన్ పరీక్ష చేస్తారా?”

ఫ్లోరోసిన్ స్ట్రిప్ అంటే నారింజరంగు అద్దిన సన్నటి కాగితపు ముక్క. తడిపి కంటికి తాకిస్తే రంగు కన్నీళ్లలో పరుచుకుంటుంది. కార్నియా పైపొర బాగుంటే రంగు జారిపోతుంది. పొర లేచిపోయిన చోట మాత్రం అంటుకుని, నీలి కాంతిలో పచ్చగా మెరుస్తుంది. మొత్తం కలిపి ఐదు నిమిషాల పని. మరీ లోతైన పుండు అడుగున రంగు అంటదు కాబట్టి కాగితం ఒక్కటే చాలదు, చూసే అనుభవమూ కావాలి. కానీ ఆ కాగితం కూడా లేని చోట స్టెరాయిడ్ వేయొచ్చా వద్దా అన్నది ఊహ మీద నడుస్తుంది.

“చేస్తామండీ, పదకొండు లోపు తీసుకురండి” అని జవాబొస్తే సరిపోయింది. “ముందు తీసుకురండమ్మా, చూద్దాం” అంటే డాక్టరు గారితో ఒక్క నిమిషం మాట్లాడతానని అడగండి. “అదేం అవసరం లేదు, చుక్కలు రాస్తాం” అంటే ఇంకో నంబరు వెతుక్కోవడమే మేలు. కన్నీళ్లు కొలిచే షిర్మర్ కాగితం ఉందా, కంటి ఒత్తిడి చూసే టోనోమీటరు ఉందా అన్నవి తర్వాతి ప్రశ్నలు. టోనోమీటరు ఖరీదైన పరికరం, అన్నిచోట్లా ఉండదు. లేదంటే తప్పు పట్టనక్కర్లేదు. నీటికాసులు అనుమానం ఉంటే మాత్రం అది ఉన్న చోటికే వెళ్లాలి. మన ఊరి డాక్టరు మంచివాడే, స్ట్రిప్పులే లేవంటే, మనుషుల కంటి ఆసుపత్రులకు సామాను అమ్మే దుకాణాల్లో అవే స్ట్రిప్పులు దొరుకుతాయి. కొని పట్టుకెళ్లి ఇవ్వండి. ఏ డాక్టరూ చిన్నబుచ్చుకోడు, అడిగే తీరులో ఉంటుంది.

వీడియో కాల్‌లో చూసే డాక్టర్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. ఎంత తొందరో చెప్పడానికి వాళ్లు పనికొస్తారు. రంగు వేసి చూడటం ఫోన్‌లోంచి కుదరదు.

*

బయల్దేరేముందు కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా రెండు కళ్లూ కలిసి కనిపించేలా ఫోటో తీయండి. రెప్ప ఎలా కొడుతోందో చిన్న వీడియో తీయండి. క్లినిక్ చేరేసరికి భయంతో పిల్లి కంటిపాపలు పెద్దవైపోతాయి, ఇంట్లో ఉన్న తీరు అక్కడ కనబడదు. ఇప్పటికే ఏవైనా చుక్కలు వేసి ఉంటే ఆ సీసానే సంచిలో వేసుకోండి. తిడతారని దాచిపెట్టే విషయం కాదది. వెళ్లే పొద్దున పుసి పూర్తిగా తుడిచేయకండి, దాని రంగు, చిక్కదనం కూడా డాక్టరుకు సమాచారమే. పిల్లిని క్యారియర్‌లోనో, మూత గట్టిగా పడే బుట్టలోనో పెట్టి పైన మీరు వాడిన తువ్వాలు కప్పండి. చేతుల్లో పట్టుకుని ఆటో ఎక్కే సాహసం చేయవద్దు. క్లినిక్‌లో కుక్కలు మొరుగుతుంటే “మా వంతు వచ్చినప్పుడు పిలవండి, బయట ఉంటాం” అని చెప్పి రావొచ్చు.

డాక్టరు చెప్పే మాటల్లో ఎక్కువసార్లు వినబడేది హెర్పిస్. మనుషులకు వచ్చేది కాదు, పిల్లులది వేరే వైరస్, మనకు అంటదు. తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడటం, పుసులు కట్టడం చిన్నప్పుడు ఒకసారి వచ్చి పోతాయి. వైరస్ మాత్రం పోదు, నరాల గడ్డలో నక్కి ఉంటుంది. ఇల్లు మారినప్పుడు, చుట్టాలతో ఇల్లు నిండినప్పుడు, కొత్త కూన వచ్చినప్పుడు మళ్లీ లేస్తుంది. ఏటా సంక్రాంతికి మా పిల్లికి కళ్లు వస్తాయి అని ఎవరైనా అంటే నవ్వకండి, అందులో నిజం ఉండొచ్చు. పిల్లులకు వేసే మూడు జబ్బుల టీకా హెర్పిస్‌ను రాకుండా ఆపలేకపోయినా తీవ్రత తగ్గిస్తుంది.

దీనికి డాక్టరు ఫామ్‌సిక్లోవిర్ రాయొచ్చు. అది మనుషుల మందే, మెడికల్ షాపులోనే కొనాలి. ప్రమాదం అక్కడే పొంచి ఉంది. స్టాకు లేకపోతే “అదే జాతి మందు, ఇది తీసుకెళ్లండి” అని వాలసిక్లోవిర్ ఇవ్వొచ్చు. మనిషికి రెండూ దగ్గరివే కావొచ్చు, పిల్లికి వాలసిక్లోవిర్ విషం. ఎముక మజ్జను, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీసి చంపుతుంది. చీటీలో ఉన్న పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి, లేదంటే ఇంకో షాపుకు వెళ్లండి. లైసిన్ పేస్టులు, పొడులు హెర్పిస్‌కు మంచివని అమ్ముతారు. 2015లో వచ్చిన పరిశోధనల సమీక్ష వాటివల్ల ఉపయోగం లేదని, ఆపేయడమే మంచిదని తేల్చింది. ఆ డబ్బుతో చేపలు కొనండి.

ఒక కంటితో మొదలై కొన్నాళ్లకు రెండో కంటికి పాకి, రెప్పల లోపల గులాబీరంగు వాపు వస్తే క్లమిడియా అనే బాక్టీరియా కావొచ్చు. దానికి చుక్కలు చాలవు, డాక్సీసైక్లిన్ నోట్లోకి ఇంచుమించు నాలుగు వారాలు వేయాలి. ఆ మాత్ర పొడిగా వేస్తే పిల్లి గొంతుగొట్టంలో అతుక్కుని పుండు చేస్తుంది, తర్వాత ఆ గొట్టమే కుంచించుకుపోతుంది. మాత్ర వెంటనే సిరంజితో కాసిని నీళ్లు తాగించాలి. ఈ మాట చెప్పడం చాలామంది డాక్టర్లు మర్చిపోతారు.

పర్షియన్ పిల్లుల కార్నియా మీద గోధుమరంగులోనో నల్లగానో మచ్చ కనిపిస్తే అది మురికి కాదు. కార్నియాలో కొంత భాగం చచ్చి నల్లబడిందన్నమాట. దానికి తరచు ఆపరేషనే దారి, ఇక్కడ నిజంగా కంటి శస్త్రచికిత్స చేసే చెయ్యి కావాలి.

పదేళ్లు దాటిన పిల్లి రాత్రికి రాత్రి చూపు పోగొట్టుకుంటే చాలామంది శుక్లం అనుకుంటారు. పిల్లుల్లో శుక్లాలు కుక్కల్లో అంత మామూలు కాదు, వచ్చినా అంత హఠాత్తుగా రావు. ముందు అనుమానించాల్సింది బీపీ. మూత్రపిండాలు చెడిన పిల్లులకు, థైరాయిడ్ ఎక్కువైన పిల్లులకు రక్తపోటు పెరిగి రెటీనా ఊడొస్తుంది. పై అంకె 160 దాటితే జాగ్రత్త పడాలి, 180 చేరితే కంటికే కాదు మెదడుకూ ముప్పు. మనకు రాసే ఆమ్లోడిపిన్నే పిల్లికీ ఇస్తారు, మోతాదు డాక్టరు కట్టాలి. త్వరగా మొదలుపెడితే కొంత చూపు తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. కాబట్టి ముసలి పిల్లి విషయంలో క్లినిక్‌ను అడగాల్సిన ప్రశ్న “పిల్లికి బీపీ చూస్తారా?”

తిండి గురించి ఒక మాట. టారిన్ అనే పదార్థం లేక పిల్లుల రెటీనా చచ్చిపోతుందని 1975లో తేలింది. టారిన్ మాంసంలో, చేపల్లో ఉంటుంది. పాలన్నం, పెరుగన్నంతో పిల్లి అవసరం తీరదు. కుక్కల ఆహారం కూడా పిల్లిని దృష్టిలో పెట్టుకుని తయారుచేసింది కాదు. పల్లెలో పెరుగన్నం తిన్న పిల్లి రాత్రికి ఎలుకను పట్టి లోటు తీర్చుకునేది. నాలుగో అంతస్తు ఫ్లాటులోని పిల్లికి ఆ దారి లేదు. ఇంట్లో మాంసం వండని కుటుంబాలు కనీసం పిల్లుల కోసమే తయారైన ఆహారం తెచ్చిపెట్టాలి. చేపలు ఉడికిస్తే ఆ నీళ్లు పారబోయకండి, టారిన్ నీళ్లలోకి దిగుతుంది. ఇలా పోయిన చూపు తిరిగి రాదు. అలాగే ఏ జబ్బుకైనా ఎన్రోఫ్లాక్సాసిన్ రాస్తే రోజుకు కిలోకు 5 మిల్లీగ్రాములు మించలేదు కదా అని మర్యాదగా అడగండి. మోతాదు పెరిగితే పిల్లి రెటీనాకు ఎసరు.

వీధి పిల్లికూనల సంగతి వేరు. కూనలు పుట్టిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో కళ్లు తెరుస్తాయి. తెరవకముందే రెప్ప కింద ఉబ్బెత్తుగా ఉంటే లోపల చీము నిండిందని అర్థం. వయసు రాలేదని ఆగితే ఆ చీములోనే కన్ను పోతుంది. డాక్టరు ఆ రెప్పలు విడదీసి కడిగేస్తారు.

ఒక్కోసారి డాక్టరు కన్ను తీసేయాలంటారు. కార్నియా చిల్లు పడి లోపలిది బయటికొచ్చినా, నీటికాసులతో గుడ్డు ఉబ్బి చూపు పోయి నొప్పే మిగిలినా, కంట్లో కణితి ఉన్నా ఆ మాటలో న్యాయం ఉంటుంది. రంగు వేసి చూడకుండా, ఒత్తిడి కొలవకుండా అంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. పిల్లి ఎదురొస్తేనే వెనక్కి తిరిగే మన వీధుల్లో ఒంటికన్ను పిల్లిని చూసి ఎవరో ఏదో అంటారు. పిల్లికి ఆ పట్టింపు లేదు. కుట్లు మానాక ఎప్పటిలాగే గోడ ఎక్కుతుంది.

చుక్కలు వేయడానికి పిల్లిని తువ్వాలులో చుట్టి, ముఖం మాత్రం బయట ఉంచి, వెనకనుంచి పట్టుకోండి. ఎదురుగా సీసా కనిపిస్తే వేయనివ్వదు. ఒక్క చుక్క చాలు. రెండు మందులుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగి, ఆయింట్‌మెంటు చివర్న పెట్టండి. ఆట్రోపిన్ వేశాక నోట్లోంచి నురుగు కారితే మూర్ఛ అనుకోకండి. కంటినుంచి ముక్కులోకి, అక్కణ్నుంచి గొంతులోకి దిగిన మందు చేదు అది. మెడకు కోన్ పెట్టమంటే పెట్టండి, జాలిపడి రాత్రుళ్లు తీసేయకండి. కాలితో ఒక్కసారి గీరుకుంటే వారం వైద్యం వృథా.

మామూలు పుండు వారంలోపు మానాలి. మానలేదంటే అడుగున ఇంకేదో ఉంది: హెర్పిస్, లోపలికి ముడుచుకున్న రెప్ప, ఇరుక్కున్న గడ్డిపోచ. కన్ను తెరిచిందని మనంతట మనం మందు ఆపకుండా, మళ్లీ తీసుకెళ్లి రంగు వేయించి, పచ్చదనం అంటలేదని డాక్టరు చెప్పాకే కోన్ విప్పాలి. సీసా మీద మూత తీసిన తేదీ రాసిపెట్టి, నెల కాగానే మిగిలిన మందు పారేయండి. ఇంట్లో రెండో పిల్లికి కళ్లు ఎర్రబడ్డాయని అదే సీసా దానికి తిప్పవద్దు.